ఎకో మీట ఎవరి కాలికింద ఉండాలి?

అనంతపురం పల్లెల్లో నాటకం వినాయకుడి ప్రార్థనతో మొదలవదు, మైక్ సెట్టు కుర్రాడి గొంతుతో మొదలవుతుంది. పొద్దుగూకే వేళ స్టేజీ ఎక్కి, మైకును వేలితో రెండుసార్లు తట్టి, ‘హలో... మైక్ టెస్టింగ్... ఒన్, టూ, త్రీ’ అంటాడు. ఆ ‘త్రీ’ గుడి ముందరి వేపచెట్టు దాటి, బస్టాండు దాటి, ‘రీ... రీ... రీ...’ అంటూ చెరువు కట్ట దాకా పోతుంది. కుర్రాడి మొహంలో తృప్తి. ఆంప్లిఫయరు మీద ‘ఎకో’ అని రాసున్న నాబును ఇంకొంచెం తిప్పుతాడు. ఇక తెల్లవార్లూ దాన్ని ఎవరూ ముట్టుకోరు. శ్రీకృష్ణుడి పద్యానికీ అదే ఎకో, సర్పంచి ఉపన్యాసానికీ అదే ఎకో. నూటపదహార్లు చదివించినవాళ్ల పేర్లకూ, తప్పిపోయిన పిల్లోడి చొక్కా రంగుకూ అదే ఎకో.

అదే స్టేజీ మీదికి ఆర్కెస్ట్రా రోజున మౌత్ ఆర్గాన్ వాయించే ఒకడు ఎక్కాడనుకుందాం. జేబులోంచి జానెడు కూడా లేని వాద్యం తీసి, రెండు చేతుల మధ్య మైకుతో కలిపి పట్టుకుని, కళ్లు మూసుకుని పల్లవి ఎత్తుకుంటాడు. మొదటి స్వరం బాగుంటుంది. రెండోది వచ్చేసరికి మొదటిది వెనక్కి తిరిగొచ్చి దాని మీద కూర్చుంటుంది. మూడోదానికి ముందటి రెండూ తోడవుతాయి. చరణం దాకా వెళ్లేసరికి జనానికి వినబడేది పాట కాదు, తేనెటీగల తుట్టె. తప్పు వాయించినవాడిది కాదు. ఎకో అతని చేతిలో లేదు, అంతే. అది ముప్పై అడుగుల అవతల, ఫోను చూసుకుంటున్న ఇంకొకరి చేతిలో ఉంది.

దీనికి విరుగుడు గిటారు వాళ్లు ఎప్పుడో కనిపెట్టుకున్నారు. అరచేతిలో పట్టే ఒక ఇనప డబ్బా, దాని మీద మూడు నాబులు, ఒక కాలిమీట. దాని పేరు డిలే పెడల్. తొక్కితే ప్రతిధ్వని వస్తుంది, మళ్లీ తొక్కితే పోతుంది. కరువు సీమ స్టేజీల మీద మైకుతో మౌత్ ఆర్గాన్ వాయించేవాడు కొనాల్సింది పాతకాలపు పద్ధతిలో పనిచేసే ఆనలాగ్ డిలే అనీ, దాన్ని తన కాలికిందే ఉంచుకుని మైక్ సెట్టు ఎకోను పూర్తిగా ఆపించాలనీ ఈ వ్యాసం వాదన. మొదటి సగాన్ని సంగీత పరికరాల దుకాణాల వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. రెండో సగాన్ని మైక్ సెట్టు వాళ్లు అసలు ఒప్పుకోరు.

మౌత్ ఆర్గానుకూ ఎకోకూ ఉన్న చుట్టరికం చిన్నది కాదు. పాప్ సంగీతం రికార్డింగులో కృత్రిమ ప్రతిధ్వనిని కళగా వాడిన తొలి పాటగా చాలామంది చెప్పేది 1947లో షికాగోలో వచ్చిన ‘పెగ్ ఓ మై హార్ట్’. వాయించింది ‘ది హార్మోనికాట్స్’ అనే ముగ్గురి బృందం. వాద్యాలు మౌత్ ఆర్గాన్లే. రికార్డు చేసిన ఇంజనీరు బిల్ పట్నం దగ్గర అప్పుడు ఎకో యంత్రమేమీ లేదు. స్టూడియో స్నానాల గదిలో ఒక స్పీకరూ ఒక మైకూ పెట్టి, పాటను అందులోకి పంపి, గోడలకు కొట్టుకుని వచ్చిన శబ్దాన్ని అసలు పాటతో కలిపాడు. బాత్రూములో పాడితే ఎవరి గొంతైనా బాగుంటుందన్న మన ఇళ్లలోని ఎగతాళి అక్కడ లక్షల రికార్డులు అమ్మించింది.

అయిదేళ్ల తరువాత, 1952లో, అదే షికాగోలో లిటిల్ వాల్టర్ ‘జూక్’ వాయించాడు. చేతిలో ఇమిడే మైకును మౌత్ ఆర్గానుతో కలిపి గుప్పిట్లో బిగించి, గిటారు ఆంప్లిఫయరును దాని శక్తికి మించి అరిపించడం అతను తెచ్చిన పద్ధతి. అంతకుముందు చాలామంది పిల్లల ఆటవస్తువుగా చూసిన వాద్యం ఆ తరువాత శాక్సఫోనుతో పోటీకి నిలబడింది. అప్పటి షికాగో బ్లూస్ రికార్డుల్లో టేపు మీద శబ్దాన్ని పట్టి, ఒక క్షణం ఆలస్యంగా తిరిగి వదిలే ఎకో కూడా వినిపిస్తుంది. ఇవాళ మౌత్ ఆర్గాన్ వాళ్లు డిలే పెడల్ కోసం వెతికేది చాలావరకు ఆ పాత శబ్దాన్ని పట్టుకోవడానికే.

మన వైపు చూస్తే 1964 నాటి ‘దోస్తీ’ ఉంది. లక్ష్మీకాంత్–ప్యారేలాల్ సంగీతంలో అందులో మౌత్ ఆర్గాన్ వాయించింది ఆర్.డి.బర్మన్. ఆ కథనే బాపు 1977లో తెలుగులో ‘స్నేహం’గా తీశారు. రాజేంద్రప్రసాద్ తెరకు పరిచయమైంది ఆ సినిమాతోనే. అనంతపురం వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ‘షోలే’. సంధ్యవేళ వసారాలో కూర్చుని అమితాబ్ మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే పై అంతస్తులో జయా భాదురి ఒక్కొక్క దీపమే ఆర్పుతుంది. వాయించింది భాను గుప్తా. 1975లో వచ్చిన ఆ సినిమాను తీసింది బెంగళూరు పక్కన రామనగరం గుట్టల్లో. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ బండరాళ్లు గుత్తిలోనో రాయదుర్గంలోనో పుట్టిన మనిషికి కొత్తగా కనబడవు. ఒకే దక్కన్ పీఠభూమి, ఒకే జాతి రాయి. మౌత్ ఆర్గానూ రాతిగుట్టా పక్కపక్కన ఉంటే ఎలా ఉంటుందో మన కళ్లకు ఎప్పుడో అలవాటైంది. ఇక చెవుల సంగతి.

గుట్ట ముందు నిలబడి ‘ఓయ్’ అని కేకేసి ఆడుకోని పిల్లలు ఈ జిల్లాలో ఉండరు. ఆ ఆటలోనే డిలే పెడల్ లెక్కంతా ఉంది. శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. ఎండాకాలం నలభై డిగ్రీల వేడిలో 355 దాకా పోతుంది. యాభై మీటర్ల దూరంలో బండ ఉంటే కేక వెళ్లి తిరిగి రావడానికి సుమారు 300 మిల్లీసెకన్లు పడుతుంది. పాతిక మీటర్లయితే 150. ఇంకో విషయం కూడా పిల్లలకు తెలుసు, చెప్పలేరంతే. గుట్ట మాటను ఉన్నదున్నట్టు అప్పజెప్పదు. ‘స’, ‘ష’ లాంటి అక్షరాల పదును దారిలోనే అరిగిపోయి, మాట కాస్త ముద్దగా, ముసుగు వేసుకుని తిరిగొస్తుంది. గాలి సన్నని స్వరాలను మంద్ర స్వరాలకంటే త్వరగా మింగేస్తుంది. గరుకు బండ మీద పడి అవి ఇంకా చెదిరిపోతాయి. చెవి అందుకే ‘ఇది దూరంనుంచి వచ్చింది’ అని పోల్చుకుని, దాన్ని వెనక్కి జరిపి, అసలు మాటను ముందుంచుకుంటుంది.

ఆనలాగ్ డిలే చేసే పని కూడా అచ్చం ఇదే. అయితే కావాలని కాదు, చేతకాక.

దాని లోపలుండే చిప్పు పేరు బకెట్ బ్రిగేడ్. ఫిలిప్స్ కంపెనీ పరిశోధకులు సాంగ్‌స్టర్, టీర్ 1969లో దీన్ని రూపొందించారు. ఆ పేరు ఎలా వచ్చిందో గడ్డివామికి నిప్పంటుకున్న ఊళ్లో ఉన్నవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. బావి నుంచి వామి దాకా జనం వరసగా నిలబడతారు. బిందె చేతులు మారుతూ పోతుంది. చిప్పులో మనుషుల బదులు చిన్న చిన్న కెపాసిటర్లు, నీళ్ల బదులు శబ్దపు ఓల్టేజి. ఒకదాన్నుంచి ఒకదానికి అందించుకుంటూ చివరికి చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే ఎకో. బిందె చేతులు మారిన ప్రతిసారీ నాలుగు చుక్కలు ఒలికినట్టే ఇక్కడా కొంత పోతుంది, కొంత మురికి చేరుతుంది.

పేరున్న పాత పెడళ్లలో వాడిన పానసోనిక్ ఎం.ఎన్.3005 చిప్పులో ఇలాంటి మెట్లు 4096. వాటిని నడిపే గడియారం వేగం తగ్గిస్తే ఆలస్యం పెరుగుతుంది. 300 మిల్లీసెకన్లు కావాలంటే గడియారం సెకనుకు సుమారు 6,800 సార్లు మాత్రమే కొట్టాలి. అందులో సగానికి, అంటే 3,400 హెర్ట్జ్‌కు, మించిన సన్నని శబ్దాలను అది మోయలేదు. మోయించబోతే వింత గొంతులు పుడతాయి. అందుకే చిప్పుకు ముందూ వెనకా వడపోతలు పెట్టి పైస్వరాలను కోసేస్తారు. తిరిగొచ్చిన శబ్దం ముద్దగా, మసకగా ఉండటానికి కారణం ఇదే. గిటారు వాడికి అప్పుడప్పుడు ఇది లోటు. మెరిసే తీగ శబ్దం మెరుస్తూనే తిరిగి రావాలని అతనికి ఉంటుంది.

మౌత్ ఆర్గానుకు ఇది లోటు కాదు. ‘సి’ శ్రుతిలో పది రంధ్రాల మామూలు మౌత్ ఆర్గాన్ తీసుకుంటే దాని అడుగు స్వరం 262 హెర్ట్జ్ దగ్గర, పై చివరి స్వరం 2,093 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. మూల స్వరాలన్నీ ఆ 3,400 లోపే ఇమిడిపోతాయి. కోతకు గురయ్యేది పైపై కీచుదనం. ఇత్తడి రీడు మైకుకు బాగా దగ్గరైతే చెవిలో గుచ్చుకునేదీ, హారన్‌లో పడితే కుక్కల్ని లేపేదీ ఆ కీచుదనమే. కాబట్టి పాట ముందు నిలబడి మెరుస్తుంది, దాని నీడ వెనక మసగ్గా నడుస్తుంది. డిజిటల్ డిలే అయితే ఇద్దరు కవలలు పక్కపక్కన నిలబడి ఒకే పాట పాడినట్టుంటుంది. ఎవరు అసలో ఎవరు నకలో తేలదు. 1983లో బాస్ కంపెనీ డి.డి.–2 అనే మొట్టమొదటి డిజిటల్ డిలే పెడల్ తెచ్చినప్పుడు ‘ఇక ఆనలాగ్ పని అయిపోయింది’ అనుకున్నారు. అదే కంపెనీ తన పాత ఆనలాగ్ పెడల్ డి.ఎం.–2ను 2014లో మళ్లీ తయారుచేసి అమ్ముతోంది. చెవులు ఏం కోరాయో ఆ వెనకడుగు చూస్తే తెలుస్తుంది.

ఇక ఏది కొనాలి? బాస్ డి.ఎం.–2 మొదటి రూపం 1981 నుంచి మూడునాలుగేళ్లే తయారైంది. పాతది దొరికినా ధర చూసి నమస్కారం పెట్టి రావాల్సిందే. కొత్తది డి.ఎం.–2డబ్ల్యూ. పాత పద్ధతిలో 20 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా, ఇంకో మీట జరిపితే 800 దాకా ఆలస్యం ఇస్తుంది. ఎమ్మెక్సార్ వాళ్ల కార్బన్ కాపీ 2008లో వచ్చింది, 600 మిల్లీసెకన్లు ఇస్తుంది. దాని శబ్దం మసకలోకెల్లా మసక. ఐబనెజ్ ఏ.డి.–9 కూడా 300 లోపు పెడలే. ఎలక్ట్రో హార్మోనిక్స్ డీలక్స్ మెమరీ మ్యాన్‌కు పేరు గొప్పది. కానీ దాని సొగసంతా శబ్దాన్ని అలలా ఊపడంలో ఉంది. పక్కన హార్మోనియం ఒకటి నిలకడగా శ్రుతి పట్టుకుని ఉన్నప్పుడు ఆ ఊపు అపశ్రుతిలా తగులుతుంది. మన స్టేజీలకు అది వద్దు.

ఆలస్యం ఎక్కువ ఇచ్చే పెడల్ గొప్పదని దుకాణంలో చెబుతారు. మౌత్ ఆర్గానుకు ఆ మాట చెల్లదు. వాడుకునేది 100 నుంచి 300 మిల్లీసెకన్ల మధ్యే. గుట్ట లెక్కలో చెప్పాలంటే పదిహేడు మీటర్ల నుంచి యాభై మీటర్ల దూరపు బండ. 800 మిల్లీసెకన్లంటే బండ నూట నలభై మీటర్ల అవతల ఉన్నట్టు. అక్కడినుంచి తిరిగొచ్చేసరికి పాట తరువాతి వరుసలో ఉంటుంది. కాబట్టి 300 దగ్గరే ఆగిపోయే చౌక పెడల్‌ను చూసి చిన్నబోవాల్సిన పని లేదు. బెరింగర్ వి.డి.400 అలాంటిదే. ప్లాస్టిక్ డొక్కు, కాలు గట్టిగా పడితే భయమేస్తుంది, అయినా లోపలున్నది నిజమైన బకెట్ బ్రిగేడే.

ఇంకా చౌకది ఒకటుంది. పి.టి.2399 అనే తైవాన్ చిప్పు. కరవోకే యంత్రాల్లో ఎకో కోసం చేశారు. బెంగళూరు ఎస్.పి.రోడ్డులో బఠానీల్లా దొరికే ఎకో బోర్డుల్లో ఉండేది చాలావరకు ఇదే. నిజానికి ఇది లోపల శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకునే డిజిటల్ సరుకే. కానీ నాణ్యత తక్కువ కావడం వల్ల వడపోతలు తప్పవు, దాంతో ఇదీ మసగ్గానే పలుకుతుంది. ఆనలాగ్ లాంటి శబ్దమని చెప్పి అమ్మే చౌక పెడళ్లు కొన్నిటి గుట్టు ఈ చిప్పే. దాదాపు 340 మిల్లీసెకన్ల దాకా పనికొస్తుంది, ఆపైన బురబుర మొదలవుతుంది. సోల్డరింగ్ చేయి తిరిగిన రేడియో మెకానిక్ ఒక బోర్డును ఇనప డబ్బాలో పెట్టి, కాలిమీట బిగించి ఇస్తే మౌత్ ఆర్గాన్ వాయించేవాడి పని నడిచిపోతుంది. శుద్ధవాదులు ముక్కు విరుస్తారు. అనంతపురంలో ఆర్కెస్ట్రా వాద్యగాడికి రాత్రికొచ్చే డబ్బులు చూస్తే శుద్ధవాదం కొంచెం సర్దుకుంటుంది.

పెడల్ కంటే ముందు ఆలోచించాల్సినవి రెండున్నాయి, మైకూ హారన్లూ. దుకాణాల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

మొదట హారన్లు. తిరునాల్లో స్టేజీకి అటూ ఇటూ మాత్రమే స్పీకర్లుంటే గొడవ లేదు. కానీ వీధి పొడవునా కరెంటు స్తంభాలకు హారన్లు కట్టడం మన ఆచారం. వైరు మీద శబ్దం చిటికెలో పోతుంది, అన్ని హారన్లూ ఒకేసారి మోగుతాయి. గాల్లో మాత్రం అది నడిచే రావాలి. నూరు మీటర్ల అవతలి హారన్ శబ్దం స్టేజీ ముందున్నవాడికి 290 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. అంటే ఎవరూ పెట్టకుండానే ఊళ్లో ఒక డిలే పెడల్ ఆన్ అయి ఉంది! దాని మీద మైక్ సెట్టు ఎకో రెండోది, కాలికింది పెడల్ మూడోది. తుట్టె కదలకుండా ఎలా ఉంటుంది? వీధి హారన్లున్న ఊళ్లో తెలివైనవాడు పెడల్‌ను మూటలోంచి తీయడు. తీసినా 120 మిల్లీసెకన్లు దాటనివ్వడు, ఒక్కసారి కంటే ఎక్కువ పలకనివ్వడు.

ఇక మైకు. పేరున్న హార్మోనికా మైకు షూర్ వాళ్ల ‘గ్రీన్ బుల్లెట్’. 1949 నుంచి ఉన్న నమూనా. ఇది హై ఇంపిడెన్స్ (విద్యుత్తుకు ఎక్కువ అడ్డు చూపే) మైకు, గిటారు పెడళ్లకు సరిగ్గా సరిపోతుంది. మామూలు స్టేజీ మైకు లో ఇంపిడెన్స్. దాన్ని నేరుగా పెడల్‌లో గుచ్చితే శబ్దం పీలగా వస్తుంది. మధ్యలో వేలెడంత మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇక్కడే ఇంకో మెలిక. గుప్పిట్లో బిగించిన మైకు నుంచి వచ్చే శబ్దం గిటారు కంటే మొరటుగా, బలంగా ఉంటుంది. బకెట్ బ్రిగేడ్ బిందెలు చిన్నవి, అంత పోస్తే పొర్లుతాయి. తిరిగొచ్చే శబ్దం గరగరమని చిరుగుతుంది. చాలామంది ‘పెడల్ పాడైంది’ అని తిరిగిచ్చేది ఈ దశలోనే. పాడవలేదు, మైకు వాల్యూమ్ సగానికి తగ్గిస్తే చాలు. గ్రీన్ బుల్లెట్ ఇప్పటి నమూనాకు వాల్యూమ్ నాబు మైకు మీదే ఉంటుంది, పెట్టిన పెట్టుబడికి అది కలిసొచ్చే సుగుణం.

ఊళ పెట్టడం ఇంకో బెడద. స్పీకర్ శబ్దం మైకులో పడి తిరిగి స్పీకర్లోకి పోతే ‘కుయ్’ మంటుందని అందరికీ తెలుసు. డిలే ఉన్నప్పుడు పడిన శబ్దం ఆలస్యంగా కూడా తిరుగుతుంది కాబట్టి ఊళకు ఇంకో దారి దొరుకుతుంది. పైగా ఆనలాగ్ పెడల్‌లో పునరుక్తి నాబును హద్దు దాటించి తిప్పితే ఎవరూ వాయించకపోయినా అది తనంతట తానే మూలుగుతూ పెరిగిపోతుంది. రాక్ గిటారు వాళ్లకు అదొక ముచ్చట. తిరునాల్లో ముసలివాళ్లు లేచి వెళ్లిపోతారు. ఈ నాబుకు బాస్ పాత పెడల్ మీద ‘ఇంటెన్సిటీ’ అనీ, ఎమ్మెక్సార్ మీద ‘రీజెన్’ అనీ రాసి ఉంటుంది. పేరేదైనా గడియారంలో తొమ్మిది గంటల ముల్లు దాటనివ్వకపోతే క్షేమం.

కరెంటు సంగతి చెప్పకుండా ఈ జిల్లాలో ఏ యంత్రం గురించీ రాయడం కుదరదు. పెడల్‌కు కావలసింది 9 ఓల్టులు, అదీ శుభ్రమైన డి.సి. చాలా పెడళ్లకు ప్లగ్గు మధ్యలో మైనస్ ఉంటుంది. ఇంట్లో ఏదో పాత అడాప్టరు మధ్యలో ప్లస్ ఉన్నది గుచ్చితే పెడల్ మొండికేస్తుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది. జనరేటరు మీద నడిచే స్టేజీలో సీరియల్ లైట్లూ ఆంప్లిఫయర్లూ ఒకే లైను మీదుంటే అడాప్టరులోంచి వచ్చే ‘గుంయ్’ మనే హోరును డిలే మళ్లీ మళ్లీ అప్పజెబుతుంది. తొమ్మిది ఓల్టుల బ్యాటరీ పెట్టే చోటున్న పెడల్ ఇక్కడ విలువైనది. కార్బన్ కాపీ లాగేది 26 మిల్లీఆంపియర్లు, మంచి ఆల్కలైన్ బ్యాటరీ ఒకటి ఒక రాత్రి నాటకాన్ని దాటించి రెండో రాత్రిలోకీ వస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. వాన లేని రోజుల్లో గాలిలో ఉండేది దుమ్మే. నాబుల్లో చేరి కరకరమనిపిస్తుంది కాబట్టి పెడల్‌ను మూతున్న డబ్బాలో పెట్టుకు తిరగాలి. మౌత్ ఆర్గాను విషయంలో కూడా ఇంతే. 1896 నుంచి హోనర్ వాళ్లు చేస్తున్న మెరైన్ బ్యాండుకు పేరెంత ఉన్నా దాని నడుమున్నది చెక్క. నోటి తడికి ఉబ్బి, ఈ ఎండకు బిగుసుకునే చెక్కకంటే ప్లాస్టిక్ నడుమున్న స్పెషల్ 20 ఇక్కడ సుఖం.

‘అనంతపురంలో మౌత్ ఆర్గాన్ వాయించేవాళ్లు ఎంతమంది, దానికింత రాద్ధాంతమా?’ అని అడిగేవాళ్లుంటారు. ప్రశ్న సబబే. కానీ మౌత్ ఆర్గానుకు తోబుట్టువు ఈ జిల్లాలో ప్రతి నాటక బృందంలోనూ ఉంది, హార్మోనియం. రెండింటిలోనూ స్వరం పుట్టేది గాలికి ఊగే ఇత్తడి రీడుతోనే. హార్మోనియానికి అవమానం కొత్త కాదు. ఆకాశవాణి 1940లో దాన్ని వెలివేసి, 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. పల్లె నాటకం మాత్రం దాన్ని ఒక్కరోజూ వదల్లేదు. ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) పుట్టిన సీమ ఇది. తాడిపత్రిలో పుట్టి బళ్లారి రాఘవగా పేరు తెచ్చుకున్న నటుడిదీ (1880–1946) ఇదే గడ్డ. అప్పట్లో ఈ పల్లెల్లో మైకులు లేవు. కడపటి వరుసకు మాట చేర్చడం నటుడి ఊపిరితిత్తుల పని. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆపి మౌనాన్ని పలికించాలో అతని ఇష్టం. మైకొచ్చి కడపటి వరుసకు మాట చేర్చింది, మంచిదే. అదే చేత్తో ఆ ఇష్టాన్ని పట్టుకెళ్లి మైక్ సెట్టు బల్ల మీద పెట్టింది.

మౌనం గురించి ఎందుకు చెప్పుకోవాలంటే, ఎకో మొదట మింగేది దాన్నే. పద్యం చివర రాగం తీసి ఆపినప్పుడు ఆ ఆపుదలకే చప్పట్లు పడతాయి. ఎకో దాన్ని పూడ్చేస్తుంది. మౌత్ ఆర్గాన్‌లో గమకం కోసం స్వరాన్ని నాలుకతో వంచి మెల్లగా పైకి జార్చుతారు. వంగిన స్వరం తిరిగొచ్చేసరికి అసలు స్వరం పైకి చేరి ఉంటుంది. రెండూ ఒరుసుకుంటాయి. అందుకని గమకాలున్న చోట పెడల్ ఆపాలి. పల్లవి చివరి స్వరం మీద తొక్కి, అది ఒకసారి రెండుసార్లు గుట్టకు తగిలినట్టు తిరిగొచ్చాక తీసేయాలి. చరణానికి ముందు తబలా ఒంటరిగా నడిచేచోట కావాలంటే ఇంకోసారి. పాట మొత్తం మీద ఎకో ఉండేది పావువంతుకు మించదు. ఈ తొక్కడం, తీయడం ఎంత బాగా వంటబట్టినవాడైనా దూరంలో ఉన్న ఆపరేటరు చేయలేడు. స్వరం ఎప్పుడు ఆగబోతోందో ఊపిరి పట్టినవాడికే ముందు తెలుస్తుంది.

మైక్ సెట్టు వాళ్ల వాదన కూడా వినదగ్గదే. ‘ఎకో తీస్తే జనం ఊరుకోరు, సౌండు చచ్చిపోయిందంటారు’ అంటారు వాళ్లు. అందులో నిజముంది. చుట్టూ గోడల్లేవు, చెట్లు తక్కువ, పైన ఆకాశం. ఆరుబయట పలికిన శబ్దం పోయేదే తప్ప తిరిగొచ్చేది కాదు. హాల్లో గోడలు చేసే సాయం మైదానంలో ఎవరూ చేయరు, గొంతు బోడిగా వినిపిస్తుంది. ఈ మిట్టనేలల్లో ఎకో మీద ఇంత మోజు పుట్టడానికి కారణం జనం చెవులు చెడిపోవడం కాదు, ఆ బోడితనమే. కాబట్టి ఎకోను నిషేధించమని అడగడం వెర్రితనం. పెళ్లి ప్రకటనకూ చందాల పట్టికకూ ఎంతైనా పెట్టుకోవచ్చు. పాటా పద్యమూ మొదలైనప్పుడు మాత్రం ఆ ఒక్క ఛానల్‌లో నాబు సున్నాకు రావాలి. చాలా మిక్సర్లలో ఛానల్‌కొక ఎకో నాబు విడిగానే ఉంటుంది, పని అరక్షణం.

మంచి మాటగా అడిగితే ఆపరేటర్లు కాదనరు. అడిగే పద్ధతొకటుంది. సాయంత్రం, జనం రాకముందే, టీ ఒకటి తాగించి, పెడల్‌ను అతనికి చూపించి, ‘అన్నా, ఎకో నా దగ్గరే ఉంది, నువ్వు ఈ ఛానల్ మటుకు పొడిగా ఇయ్యి’ అనాలి. పెడల్ వైరు లైన్ ఇన్‌పుట్‌లో పడాలి. మైకు ఇన్‌పుట్‌లో పడితే ఫాంటమ్ పవర్ (మిక్సరు మైకుకు పంపే కరెంటు) ఆపి ఉందో లేదో చూసుకోవాలి. తరువాత తోడొచ్చిన తబలా అతన్ని స్టేజీ మీద మౌత్ ఆర్గానులో ఒక స్వరం పలికించమని చెప్పి, వాయించేవాడు తనే దిగి చివరి హారన్ కిందికి నడవాలి. స్టేజీ మీద చెవికి సరిపోయిన మిక్స్, అంటే అసలు శబ్దంలో కలిపిన ఎకో పాలు, అక్కడ తప్పకుండా ఎక్కువనిపిస్తుంది. మళ్లీ ఎక్కి పెడల్ మీది మిక్స్ నాబును ఒక గీత వెనక్కి తిప్పి, దుమ్ముకు కదలకుండా దాని మీద చిన్న టేపు ముక్క అంటించుకోవాలి.